కారు లేకుండా కోటలకు: ఆర్టీసీ బస్సులో, రైల్లో కుటుంబంతో వెళ్ళొచ్చే పద్ధతి

కోట దాకా తీసుకెళ్ళే బస్సు ఏదో ఒకటి దొరుకుతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. పొద్దు వాలేసరికి కోట గేటు మూసేస్తారు, పిల్లలు అప్పటికే నీరసించి ఉంటారు, ఆటోవాళ్ళు రేటు పెంచేస్తారు, హైదరాబాద్ వైపు చివరి ఎక్స్‌ప్రెస్ ఎన్నింటికో టీ కొట్టు దగ్గర అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వేళ చెబుతారు. సొంత బండి లేని కుటుంబం తిరుగు బస్సు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి. గోల్కొండ, భువనగిరి, ఓరుగల్లు, కొండపల్లి, చంద్రగిరి, గండికోట అనే ఆరు కోటలకు ఆ లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ చూద్దాం. పద్ధతి పట్టుబడితే ఖమ్మమైనా పెనుకొండైనా ఇదే దారి.

ముందు మోకాళ్ళు, తర్వాత చరిత్ర

కోటను ఎంచుకునేటప్పుడు ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని చూసి ఎంచుకోవాలి. నాలుగేళ్ళ పిల్లవాడైనా, మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మైనా, మిగతా అందరి వేగం వాళ్ళదే.

నేల మీద ఉన్న కోటలు రెండు: ఓరుగల్లు, చంద్రగిరి. చంద్రగిరిలో కొండ మీద పై కోట ఉన్నా జనం చూసేది కిందనున్న రాజమహల్, రాణిమహల్ మాత్రమే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు వీటికి మించినవి లేవు. గండికోట లోపల నేల దాదాపు చదునే, కానీ చూడాల్సినవి దూరదూరంగా ఉంటాయి, నీడ తక్కువ. కొండపల్లికి ఘాట్ రోడ్డు ఉంది కనుక ఆటో పైదాకా పోతుంది. గోల్కొండలో కొనదాకా వెళ్ళాలంటే దాదాపు 360 మెట్లు ఎక్కాలి. భువనగిరి మాత్రం మొత్తంగా ఒకే రాతి గుండు. దాన్ని ఎక్కడమే అక్కడి పని, ఎక్కలేనివాళ్ళకు కింద చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నాయనమ్మను కింద చెట్టు నీడన కూర్చోబెట్టి అందరూ పైకి పోవడం ప్రణాళిక అనిపించుకోదు. అలాంటప్పుడు ఓరుగల్లే మేలు.

రోజుకు ఒక్క కోటే పెట్టుకోండి. కారున్నవాళ్ళు భువనగిరి, ఓరుగల్లు రెండూ ఒకే రోజు చుట్టేస్తారు. బస్సుల్లో అదే పని చేయబోతే రెండూ సగం సగమే చూస్తారు. దారి మారిన ప్రతిసారీ ఎదురుచూపుకు కనీసం అరగంట పోతుందని వేసుకోండి.

తిరుగు బస్సు నుంచి వెనక్కి

కాగితం మీద కింది నుంచి పైకి రాసుకుంటూ రండి.

1. ఇంటికి ఎన్నింటికి చేరాలి? చిన్నపిల్లలుంటే రాత్రి 8 దాటకూడదు.
2. ఆ వేళకు చేరాలంటే ఏ బస్సు లేదా రైలు ఎక్కాలి? దాని తర్వాత ఇంకొకటి ఉందా? ఉంటేనే మొదటిదాన్ని నమ్ముకోవచ్చు. చివరి బస్సును ఎప్పుడూ మీ బస్సుగా పెట్టుకోవద్దు, దానికి ముందుదాన్ని పెట్టుకోండి.
3. కోట గేటు నుంచి ఆ బస్టాండుకో స్టేషనుకో ఎంతసేపు? మ్యాపులో చూపించే సమయానికి రెట్టింపు వేసుకోండి. ఆటో బేరం, పిల్లల బాత్రూము, చెరుకురసం అన్నీ అందులోనే పోతాయి.
4. కోటలో ఎంతసేపు? ఓరుగల్లుకు రెండు గంటలు, గోల్కొండకు మూడు, భువనగిరికి మూడు, చంద్రగిరికి గంటన్నర చాలు. గండికోటకు ఒక సాయంత్రం, ఒక ఉదయం.
5. మిగిలినదాన్ని బట్టి ఇంట్లోంచి బయల్దేరే వేళ తేలుతుంది. అది తెల్లవారుజామున 4 అని వస్తే కోటను మార్చండి, లేదా ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి.

బస్సు దిగగానే చేయాల్సిన పని ఒకటుంది. బస్టాండులో విచారణ కిటికీ దగ్గరికెళ్ళి తిరుగు బస్సుల వేళలు అడగండి, గోడ మీద వేళల బోర్డు ఉంటే ఫొటో తీసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికల్లో చాలావరకు పాతవి. ఊళ్ళోవాళ్ళ మాట కన్నా కిటికీలోని మనిషి మాటే నిజం. తెలంగాణ ఆర్టీసీకి గమ్యం యాప్, ఆంధ్రాలో ఏపీఎస్‌ఆర్టీసీ లైవ్ ట్రాక్ ఉన్నాయి. బస్సు ఎక్కడుందో చూసుకోవడానికి పనికొస్తాయి, కానీ పల్లెవెలుగు బస్సుల విషయంలో పూర్తిగా వాటి మీదే ఆధారపడకండి.

సూపర్ లగ్జరీ, అంతకు పైబడిన బస్సులకు ముందుగా సీటు రిజర్వు చేసుకోవచ్చు. పల్లెవెలుగుకు, చాలావరకు ఎక్స్‌ప్రెస్‌లకు ఆ వీలుండదు. సీటు కావాలంటే బస్సు బయల్దేరే చోటే ఎక్కాలి. దారిలో ఎక్కితే పిల్లల్ని చంకనేసుకుని నిలబడటమే.

టికెట్ ఎవరికి, ఎవరికి అక్కర్లేదు

ఆర్టీసీలో ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు, 5 నుంచి 12 ఏళ్ళ వరకు హాఫ్ టికెట్. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లుతుంది.

జనం గొడవ పడేది ఇక్కడే. పథకం ఆ రాష్ట్రంలో ఉంటున్నవాళ్ళకు మాత్రమే. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా ఆధార్‌లో చిరునామా ఇంకా గుంటూరుదే అయితే కండక్టరు జీరో టికెట్ (డబ్బు కట్టనక్కర్లేని టికెట్) కొట్టడు, అతన్ని తప్పు పట్టలేం. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోవడమూ కుదరదు, జీరో టికెట్ చేతిలో ఉండాల్సిందే. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో పథకం వర్తించదు. తొందరలో దొరికిన బస్సు ఎక్కేశాక ఆ సంగతి తెలిస్తే లెక్కంతా మారిపోతుంది.

ఉదాహరణకు ఉప్పల్ నుంచి వరంగల్‌కు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళే కుటుంబం: అమ్మ, నాన్న, నాయనమ్మ, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉంటే అమ్మకు, నాయనమ్మకు, పాపకు జీరో టికెట్లు. బాబుకు టికెట్ లేదు. డబ్బు కట్టేది నాన్న ఒక్కడే. పాప ఆధార్ కూడా తప్పకుండా పట్టుకెళ్ళండి. ఏపీఎస్‌ఆర్టీసీలో 60 ఏళ్ళు దాటినవాళ్ళకు టికెట్‌లో 25 శాతం రాయితీ ఉంది. తాతయ్య వయసు చూపే కార్డు జేబులో ఉంటే ఆ డబ్బు మిగులుతుంది.

రైల్లో నియమాలు వేరు. ఐదేళ్ళ లోపు ఉచితం. 5 నుంచి 12 లోపు పిల్లలకు స్లీపరు, ఏసీ బోగీల్లో బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. అయితే సెకండ్ సిట్టింగ్‌లో, చైర్ కార్‌లో 'సీటు వద్దు' అనే వీలే లేదు, పిల్లలకూ పూర్తి ఛార్జీ కట్టాలి. పగటి రైళ్ళలో మనం వెళ్ళేది ఎక్కువగా ఈ బోగీల్లోనే కనుక ఖర్చు లెక్కలో ఇది మరిచిపోవద్దు. వయోవృద్ధుల రాయితీని రైల్వే 2020 మార్చిలో ఆపేసింది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. జనరల్ టికెట్ విషయంలో ఒక జాగ్రత్త: 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి కొన్న మూడు గంటల్లోగా రైలెక్కాలి. తిరుగు ప్రయాణం జనరల్ టికెట్‌ను పొద్దున్నే కొని పెట్టుకుంటే అది సాయంత్రానికి పనికిరాని కాగితం.

భువనగిరి: పూర్తి లెక్క ఒకటి

పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని కాలంలో, అంటే 1076–1126 మధ్య, ఈ గుండు మీద కోట వెలిసింది. ఆయన పేరుతోనే ఊరు త్రిభువనగిరి అయి, తర్వాత భువనగిరిగా స్థిరపడింది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదట నేర్చుకున్నది ఈ రాతి మీదే. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్ళండి, సగం దారిలో మొండికేసినప్పుడు అక్కరకొస్తుంది.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు మెట్రో నీలి లైనులో ఉప్పల్ స్టేషన్‌లో దిగితే, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ వైపు, యాదగిరిగుట్ట వైపు బస్సులు దొరుకుతాయి. మెట్రోలో 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఇక్కడినుంచి భువనగిరి దాదాపు 40 కిలోమీటర్లు, గంటకు అటూ ఇటూ.

ఏ బస్సు ఎక్కాలన్నదే అసలు విషయం. వరంగల్ వెళ్ళే దూరపు బస్సులు చాలావరకు భువనగిరి ఊళ్ళోకి రావు, బైపాస్ మీదుగా పోతాయి. అక్కడ దింపేస్తే పిల్లలతో, సంచులతో హైవే పక్కన నిలబడి ఆటో కోసం చూడాలి. ఎక్కే ముందే 'భువనగిరి బస్టాండులోకి పోతుందా?' అని కండక్టర్ని అడగండి. 'భువనగిరి పోతుందా' అని మాత్రమే అడిగితే పోతుందనే అంటాడు, అదీ నిజమే. యాదగిరిగుట్ట బస్సులు దొరికితే వాటిలో ఎక్కువ ఊళ్ళోంచే వెళ్తాయి. కాకపోతే ఆదివారాలు, కార్తీక మాసంలో అవి స్వామి భక్తులతో కిక్కిరిసి ఉంటాయి. వీలైతే శనివారం వెళ్ళండి, లేదంటే పొద్దున ఏడింటికల్లా ఉప్పల్‌లో ఉండండి.

రైలు కూడా ఉంది. సికింద్రాబాద్–కాజీపేట లైనులో భువనగిరి స్టేషను వస్తుంది. ప్యాసింజర్లు, కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి. స్టేషను నుంచి కోటకు ఆటోలో వెళ్ళాలి. బస్టాండు నుంచైతే నడిచిపోవచ్చు, గుండు ఊరంతటికీ కనబడుతూనే ఉంటుంది కనుక దారి తప్పేదీ లేదు.

ఎక్కడం ఇలా ఉంటుంది. మొదట కట్టిన మెట్లు, దర్వాజా, మళ్ళీ మెట్లు. అక్కడిదాకా పిల్లలు పరుగెత్తుతారు. తర్వాత మెట్లు పోయి ఉత్త రాయి మొదలవుతుంది. పాదం ఆనేలా రాతిలో తొలిచిన గంట్లు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్ములు. వేల పాదాలు అరగదీసిన చోట రాయి అద్దంలా నునుపెక్కి ఉంటుంది, జారేది అక్కడే. ఆ నునుపు చారను వదిలి కాస్త పక్కగా, గరుకుగా ఉన్న చోట అడుగేయండి. తోలు చెప్పులు, హవాయి చెప్పులు వద్దు, అడుగున గాడులున్న బూట్లు కావాలి. వాన పడ్డ రోజున అసలు ఎక్కవద్దు. వేసవిలో పదకొండు దాటితే రాయి పెనంలా కాలుతుంది, కమ్ములు చేత్తో పట్టుకోలేరు.

దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. పెద్దవాళ్ళలో ఒకరు పిల్లలకు ముందు, అంటే దిగువన, నడవాలి. ఏటవాలు మరీ ఎక్కువైన చోట కూర్చుని జారుకుంటూ దిగినా తప్పేం లేదు. చీర కట్టుకుని ఎక్కేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోవడం మంచిది. దిగేటప్పుడు అంచు కాలికింద పడితే ఆపుకోలేరు.

వేళలు ఇలా పెట్టుకోండి: 7:00కి ఉప్పల్‌లో బస్సు, 8:30కి భువనగిరిలో టిఫిను, గేటు తెరవగానే లోపలికి. పిల్లలతో ఎక్కడానికి గంట, పైన పాడుబడిన మహలు, ఫిరంగి, నీటి గుంటలు చూడటానికి ముప్పావుగంట, దిగడానికి ముప్పావుగంట. మధ్యాహ్నానికి కింద ఉంటారు. భోంచేసి రెండింటికి బస్సెక్కితే నాలుగు లోపు ఇల్లు. యాదగిరిగుట్ట ఇక్కడికి 13 కిలోమీటర్లే కనుక అదీ చూసి వద్దామనిపిస్తుంది. రాయెక్కి దిగిన పిల్లల్ని దర్శనం క్యూలో నిలబెట్టడం కన్నా దానికి వేరే రోజు పెట్టుకోవడం నయం.

ఓరుగల్లు: రైలే రాజమార్గం

సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైల్లో సుమారు రెండు గంటలు, బస్సులో మూడు పైనే. విజయవాడ వైపు వెళ్ళే శాతవాహన, గోల్కొండ వంటి ఎక్స్‌ప్రెస్‌లు వరంగల్‌లో ఆగుతాయి. అయితే కాజీపేటలో లైను రెండుగా చీలుతుంది. బల్లార్షా, ఢిల్లీ వైపు పోయే రైళ్ళు కాజీపేట మీదుగా అటే తిరుగుతాయి, వరంగల్ స్టేషనుకు రావు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. ఆ రైలెక్కితే కాజీపేటలో దిగి ఇంకో పది కిలోమీటర్లు వెళ్ళాలి. టికెట్‌లో 'వరంగల్' అని పేరు చూసుకుని కొనండి.

ఇంకొకటి: సికింద్రాబాద్ స్టేషను పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్ళను చర్లపల్లికి, మరికొన్నింటిని ఇతర స్టేషన్లకు మార్చారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. మీ రైలు ఎక్కడినుంచి కదులుతుందో టికెట్ కొన్న రోజునే కాకుండా బయల్దేరే ముందురోజు కూడా చూసుకోండి. తెల్లవారుజామున తప్పు స్టేషనుకు వెళ్ళి నిలబడితే ఆ రోజంతా పోయినట్టే.

వరంగల్ స్టేషను నుంచి ఖిలా వరంగల్‌కు ఆటోలో పది పదిహేను నిమిషాలు. ఆటో మాట్లాడేటప్పుడు 'కీర్తి తోరణాల దగ్గరికి' అని చెప్పండి. 'కోట' అంటే మట్టికోట దర్వాజా దగ్గరే దింపేసే ప్రమాదం ఉంది. ఈ కోట ఊరంత పెద్దది, లోపల జనం ఇళ్ళు కట్టుకుని ఉంటున్నారు, పొలాలూ ఉన్నాయి. బయట మట్టి గోడ, లోపల కందకం, 45 బురుజులతో రాతి గోడ. గణపతిదేవుడు మొదలుపెట్టిన కట్టడాన్ని రుద్రమదేవి పూర్తి చేసింది. మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు, కూలిపోయిన స్వయంభూ శివాలయం రాళ్ళు. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం ఇదేనని పిల్లలకు చూపించండి, తోరణం పైన రెండు వైపులా ఉన్న హంసల్ని వాళ్ళే వెతుక్కుంటారు. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకున్నాక గుడి పోయింది, తోరణాలు మిగిలాయి.

తోరణాల ఆవరణకు కేంద్ర పురావస్తు శాఖ టికెట్ ఉంటుంది. ఆ శాఖ కింద ఉన్న కోటల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. దగ్గర్లోనే ఖుష్ మహల్, ఏకశిల గుట్ట. పెద్దవాళ్ళు నీడన కూర్చున్నా అన్నీ కనబడేంత దగ్గర. తిరుగు రైలుకు ఇంకా సమయముంటే హనుమకొండలో 1163 నాటి వేయి స్తంభాల గుడి చూడొచ్చు. కానీ అక్కడినుంచి వరంగల్ స్టేషను కన్నా కాజీపేట స్టేషనుకు వెళ్ళడం తేలికే కనుక, తిరుగు టికెట్‌ను మొదటే కాజీపేట నుంచి తీసుకుని ఉంటే ఆటో ఖర్చు, సమయం రెండూ కలిసొస్తాయి. రామప్పను ఈ రోజులో ఇరికించొద్దు, దానికి వేరే రోజు కావాలి.

రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ వారం రాష్ట్రం నలుమూలల నుంచీ ఆర్టీసీ బస్సుల్ని జాతరకు పంపిస్తారు, వరంగల్ అంతా జాతర జనమే. కోట చూసేందుకు ఆ వారం పనికిరాదు. మామూలు రోజుల్లో వెళ్ళే ఇతర రూట్ల బస్సులు కూడా తగ్గిపోతాయి.

గోల్కొండ

మెట్రో గోల్కొండకు పోదు. ఎర్ర లైనులో లక్డీకాపూల్‌లో దిగి మెహిదీపట్నం బస్సెక్కడం, అక్కడ గోల్కొండ బోర్డున్న సిటీ బస్సు పట్టుకోవడం మామూలు దారి. లంగర్‌హౌజ్ దాటాక ఫతే దర్వాజా దగ్గర రోడ్డు ఇరుకు, ఆదివారం సాయంత్రం బస్సు కదలదు. పొద్దున తొమ్మిదికి గేటు తెరిచే వేళకు చేరుకోండి. కుటుంబంలో టికెట్ కొనేవాళ్ళు ఎక్కువమంది ఉండి, ఆ రోజు సిటీలో ఇంకా తిరిగేది ఉంటే సిటీ బస్సుల్లో 24 గంటలు ఎన్నిసార్లైనా తిరగనిచ్చే టి-24 టికెట్ లాభం.

బాలాహిస్సార్ గేటు కింద చప్పట్లు కొట్టి అక్కడే ఆగిపోయే గుంపు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని దాటి ముందుకు పొండి. ఎక్కే దారి నగీనా బాగ్ పక్కనుంచి రామదాసు చెర మీదుగా, అంబర్‌ఖానా దాటి, పైన మహంకాళి గుడికీ బారాదరికీ చేరుతుంది. దిగే దారి వేరే ఉంది, అది నిటారు, రాణిమహళ్ళ వైపు దించుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వచ్చిన దారినే దిగడం మంచిది, చూడలేకపోయిన రాణిమహళ్ళను కింద నేల మీద నడిచి చూసుకోవచ్చు. సగం మాత్రమే ఎక్కగలిగేవాళ్ళకు రామదాసు చెర దగ్గర ఆగడం సరిపోతుంది. రామదాసుగా పేరుపడ్డ తహసీల్దారు కంచెర్ల గోపన్న కథ తెలియని తెలుగు పెద్దవాళ్ళు అరుదు, పిల్లలకు కథ చెబుతూ అక్కడ కూర్చోవచ్చు. కొనదాకా పోయేవాళ్ళు అలా పోయి వస్తారు.

వెళ్ళకూడని రోజులు: ఆషాఢంలో బోనాలు జరిగే ఆదివారాలు, గురువారాలు (బోనాలకే వెళ్తే సంగతి వేరు), ఆగస్టు 15కు ముందు రోజులు. 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వం జెండా ఎగరేసేది ఇక్కడే కనుక ఆ రోజుల్లో బందోబస్తు ఉంటుంది, సందర్శకుల్ని ఆపేస్తారు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో చూడాలనుకుంటే ఏ రోజు తెలుగులోనో ముందుగా కనుక్కోండి. షో అయ్యేసరికి చీకటి పడుతుంది కనుక మెహిదీపట్నం దాకా ఆటో ఖర్చు ముందే వేసుకోండి.

ఆంధ్రా కోటలు

కొండపల్లికి విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి ఇబ్రహీంపట్నం, మైలవరం వైపు బస్సులు తేలిగ్గా దొరుకుతాయి. కాజీపేట లైనులో కొండపల్లి స్టేషనూ ఉంది. బస్సు ఊరిదాకానే, పైకి ఆటో. ఆటోను పైన ఆపించుకుని అదే ఆటోలో దిగేలా రానూపోనూ బేరం చేసుకోండి, పైన ఖాళీ ఆటో దొరకదు. దిగాక బొమ్మల కాలనీలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చెక్కడం చూస్తే పిల్లలు కోట కన్నా దాన్నే గుర్తుపెట్టుకుంటారు.

చంద్రగిరిని తిరుమల యాత్రతో కలుపుకోవచ్చు. తిరుపతి నుంచి బస్సులో అరగంట, ఊళ్ళో దిగి కోటకు ఆటో. మూడంతస్తుల రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. లోపల మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. దీన్ని దర్శనానికి ముందు పెట్టుకోవద్దు, టోకెన్ వేళ మధ్యలో వచ్చి పడితే రెండూ చెడతాయి. కొండ దిగిన మర్నాడు పొద్దున, మధ్యాహ్నం రైలుకు ముందు, పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది.

గండికోటను ఒక్క రోజులో చూడాలనుకోవద్దు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. రోజుకు కొన్ని బస్సులే తిరుగుతాయి, మిగతా వేళల్లో ఆటోనే. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో జమ్మలమడుగు చేరి, అక్కడ టిఫిను చేసి, నీళ్ళు నింపుకుని, ఆటోలో పైకి వెళ్ళడం బాగుంటుంది. రైల్లో వచ్చేవాళ్ళు గుంతకల్లు–రేణిగుంట లైనులో ముద్దనూరులో దిగి బస్సులో జమ్మలమడుగు రావాలి. పర్యాటక శాఖ హరిత హోటల్‌లో గది ముందే బుక్ చేసుకోండి, శీతాకాలం వారాంతాల్లో అప్పటికప్పుడు దొరకదు. మొదటి సాయంత్రం జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి, రెండో రోజు తెల్లవారాక పెన్నా లోయ. ఎర్రటి బండలు పొద్దుటి ఎండలోనే అందంగా ఉంటాయి, ఆ వేళకు జనమూ తక్కువ. లోయ అంచున కంచె లేదు. బండలు వదులుగా కదులుతాయి, కింద వందల అడుగుల లోతు. పదేళ్ళ లోపు పిల్లల చేయి ఒక్క క్షణం కూడా వదలకూడదు, వాళ్ళను అంచున నిలబెట్టి ఫొటోలు తీయడం మరీ పనికిరాదు. మార్చి నుంచి జూన్ దాకా కడప జిల్లా ఎండలో అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళవద్దు.

సంచిలో ఏముండాలి

పెద్దవాళ్ళకు మనిషికి లీటరున్నర, పిల్లలకు లీటరు నీళ్ళు. ఐదుగురికి ఆరేడు లీటర్లు, అంటే ఆరేడు కిలోల బరువు. ఒకే సంచిలో వేసి ఒకరి భుజాన పెట్టకుండా పంచండి. కోట పైన నీళ్ళు, మరుగుదొడ్లు ఉండవనుకుని గేటు దగ్గరే అన్నీ కానివ్వండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు మూడు. పెద్ద ప్యాకెట్టు పూర్తిగా లీటరు నీళ్ళలోనే కలపాలి. రుచి కోసం అరలీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు మేలు బదులు కీడు జరుగుతుంది.

తిండికి పులిహోర, చపాతీ బాగా నిలుస్తాయి. దద్దోజనం ఎండలో మధ్యాహ్నానికి పులిసిపోతుంది, చలికాలంలోనే పట్టుకెళ్ళండి. కోతులున్న చోట పాలిథీన్ కవరు చేతిలో వేలాడితే అది మీది కాదు, అన్నీ జిప్పున్న సంచిలో ఉండాలి. చీకటి గదుల కోసం చిన్న టార్చి. చంటిపిల్లల తోపుడు బండి ఓరుగల్లు, చంద్రగిరిలో తప్ప ఎక్కడా పనికిరాదు, పైగా కిక్కిరిసిన బస్సులో అదొక బరువు. చిల్లర నోట్లు విడిగా, ఆధార్ అసలు కార్డులు విడిగా, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ప్రతి పిల్లవాడి జేబులో.

బస్సు తప్పిపోతే

పొద్దు గూకాక హైవే పక్కన నిలబడి చేయి ఊపితే దూరపు బస్సులు ఆపవు, ఆపినా సీటుండదు. ఊళ్ళో బస్టాండుకే తిరిగి వెళ్ళి విచారణలో అడగండి. వరంగల్‌లో తప్పితే హనుమకొండ బస్టాండుకు పోవాలి, హైదరాబాద్ బస్సులు అక్కడినుంచి రాత్రి కూడా ఉంటాయి. భువనగిరిలో బస్సు లేకపోతే రైలు, రైలు లేకపోతే బస్సు, రెండూ ఊళ్ళోనే కనుక ఒకదాని వేళ చూసి రెండోదానికి పోవచ్చు. గండికోటలో మాత్రం ఆ వీల్లేదు. పొద్దున తీసుకెళ్ళిన ఆటో డ్రైవరు నంబరు అప్పుడే తీసుకోండి, మర్నాడు ఎన్నింటికి రావాలో చెప్పి, డబ్బులో సగం అప్పుడివ్వడానికి అట్టేపెట్టండి.